ఆరిన్ సుంకం

మా ఊరి బేస్‌బాల్ మైదానంలో తిండి అమ్మేవాడు కుర్చీల వరుసలోకి రాడు. మెట్ల మీదే నిలబడి ఆవముద్ద పూసిన హాట్‌డాగ్ అందిస్తే, అది చేతులు మారుతూ అడిగినవాళ్ల దాకా పోవాలి.

వెర్నాకు అదెప్పుడూ ఎంగిలిదే అందేది. మా ఇద్దరి మధ్య కుర్చీ ఆమె భర్త ఆరిన్‌ది. తన చేతి మీదుగా పోతోంది కాబట్టి సుంకం అంటూ ఒక ముక్క కొరికి గానీ ఇచ్చేవాడు కాదు, దొంగపీనుగ.

ఈ వేసవి మొదటి ఆటనాడు మాత్రం అది ఆమెకు చెక్కుచెదరకుండా అందింది. ఆట ముగిసేదాకా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది గానీ తినలేదు. తర్వాత చాలా ఆటలకు రాలేదు.

ఇవాళ వచ్చింది.

"కాళ్లు ముడుచుకో ఆరిన్, మనుషులు నడవాలా వద్దా?" అని కసురుకుంటూ కూర్చుని, హాట్‌డాగ్ కోసం చెయ్యెత్తింది.

అందుకున్నాక చూస్తే దాని కొస కొరికి ఉంది.

"సిగ్గులేదు నీకు. ఇంకోటి కొనుక్కుని చావొచ్చుగా," అంది పక్కకు చూసి. నవ్వుతూనే తినసాగింది.

చలికాలంలో ఆరిన్‌ను మట్టిచేసినప్పటి నుంచీ ఖాళీగా ఉన్న ఆ కుర్చీ మీదుగా చాచిన చెయ్యి వెనక్కి తీసుకోవడం మరిచి, నోట్లో ముక్క నమలడానికి భయపడుతూ ఆట చూస్తున్నాను.

ఆ చేతిలో వెర్నా కాగితపు రుమాలు పెట్టింది.

"మూతికి ఆవముద్ద అంటింది. తుడుచుకో, ఆరిన్."