అరటిపండన్నాక

సూదిమందు పడ్డాక పాప పెదాల వాపు తగ్గుముఖం పట్టింది. తల్లి గుండెదడ మాత్రం తగ్గలేదు.

"ఇది అరటిపండు పడకపోవడమేనమ్మా. ఇది తిన్నప్పుడు ఏదైనా ఇబ్బందని పాప ఇంతకుముందెప్పుడైనా చెప్పిందా?" అడిగాడు డాక్టరు.

"గొంతులో గుచ్చుకుంటోందని ఒకటే గోలండీ. వేషాలెయ్యకుండా మింగమనేదాన్ని. అరటిపండన్నాక ఆమాత్రం అందరికీ గుచ్చుకుంటుందిగా!"

డాక్టరు తలెత్తి ఆమె మెడకేసి చూశాడు. "ఎవరికీ గుచ్చుకోదమ్మా. మీక్కూడా అలా ఉంటుందా?"

"చిన్నప్పట్నుంచీ అంతే. మా అమ్మ కూడా మింగెయ్యమనేది..."

తన మాట తన చెవిన పడగానే ఆమె ఆగిపోయింది.

మంచం మీది పాప దిగ్గున లేచి కూర్చుంది. "అమ్మా! నేను వదిలేసిన ముక్క నువ్వే తినేశావు కదా! డాక్టరుగారూ, అమ్మక్కూడా సూది వెయ్యండి!"

తల్లి చెయ్యి మెల్లగా తన గొంతు మీదికి వెళ్లింది. ఇన్నేళ్లూ ఆ గుచ్చుకోవడమే పండు రుచి అనుకుంది.