అడుగు లేని గూడు

ఈ ఈతచెట్టు మీద గూళ్ళు అల్లే గిజిగాళ్ళలో నేనే ముసలివాణ్ణి. ఈ ఏడు వానలు మొదలవగానే పక్క మట్ట మీది కుర్ర గిజిగాడు వచ్చి, "తాతా, ఈ వయసులో నీకు గూడెందుకు? ఆ మట్ట ఖాళీ చేస్తే నేను అల్లుకుంటాను" అన్నాడు.

నాకు రోషం వచ్చింది. మూడు రోజులు గడ్డిపోచలు చీల్చి తెచ్చి, ముక్కు నొప్పెట్టేలా అల్లాను. అంతా అయ్యాక చూసుకుంటే అడుగు అల్లడం మర్చిపోయాను. చెట్టంతా ఒకటే నవ్వు. అందరికంటే ముందు నవ్వింది మాత్రం నేనే.

అప్పుడే ఒక పెద్దవయసు ఆడపిట్ట గూడు చూడ్డానికొచ్చింది. మా ఆచారం ప్రకారం ముక్కుతో పోచలు లాగి చూసింది. ఒక్కటీ ఊడలేదు.

"గుడ్లు పెడితే కిందికి జారిపోతాయండీ" అన్నాను సిగ్గుపడుతూ.

"గుడ్లు పెట్టే వయసు దాటిపోయిందిలెండి. ఊగే వయసు ఇప్పుడే వచ్చింది" అంటూ గూటికి అడ్డంగా ఉన్న అల్లిక మీద కూర్చుని ఊగడం మొదలుపెట్టింది.

మర్నాడు ఆ కుర్రాడే వచ్చి, "తాతా, అలాంటిది అల్లడం నాకూ నేర్పవా?" అన్నాడు.

మర్చిపోవడం ఎలా నేర్పను?

"దానికి ముందు ముసలాడివి అవ్వాల్రా" అన్నాను.