ఏడో రైఫిల్

ఆరో రైఫిల్ కూడా ఎత్తి చూసి, బరువంటూ కౌంటరు మీద పెట్టేసింది మేవిస్. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. మోంటానాలోని మా తుపాకుల కొట్టులో ఇంత పేచీ ఇంకెవరూ పెట్టరు.

“ఏం కొడతావు పెద్దమ్మా, ఉడతల్నా?”

“ఖాళీ బీన్స్ డబ్బాల్ని.”

“డబ్బాలు కొట్టేది ఓర్విల్ పెదనాన్న కదా! ప్రతి ఆదివారం, చర్చి నుంచి రాగానే.”

“ఆయనకి కంచే కనపడదు, దాని మీద డబ్బాలేం కనపడతాయి? ఆయన కాల్చినప్పుడే నేనూ వంటింటి కిటికీలోంచి కాలుస్తా. డబ్బా పడుతుంది, ఆయన మీసం మెలేస్తాడు. రెండేళ్లుగా ఇదే భాగోతం. ఎవరితోనూ అనకు.”

“అనను.”

ఏడోది తీశాను. పొట్టి గొట్టం, తేలికపాటి పాయింట్ టూ టూ రైఫిల్. ఆవిడ ఒంటిచేత్తో ఎత్తి, బోల్టు లాగి చూసింది.

“ఇది ముందే చూపించొచ్చుగా!”

చూపించకూడదు. పోయినవారం ఓర్విల్ పెదనాన్న వచ్చి, తడిమి తడిమి దీన్ని ఏరి, ఆరు బరువైనవి చూపించాకే బయటికి తీస్తానని నాచేత ఒట్టేయించుకున్నాడు.

“మీ పెద్దమ్మకి చేతులు లాగేస్తున్నాయిరా,” అన్నాడు. “మొన్న మూడు డబ్బాలకి గురి తప్పింది.”