మూడు పురుల మోకు

"తలుపు తియ్యి సారూ! నేను, సారమ్మను."

కిటికీ రెక్క ఓరగా తెరిచిన భీమరావుకు ముందు కనబడింది ఆమె ముఖం కాదు, ఆమె చేతిలోని కత్తి. జింకకొమ్ము పిడి, జానెడు అలుగు. స్కౌటు క్యాంపుల్లో ఇరవై ఏళ్లు తన నడుముకు వేలాడిన కత్తి. పది రోజుల కింద గుట్టమీద నుంచి తన చేత్తో తానే కంపల్లోకి విసిరేసిన కత్తి.

గొళ్లెం సరిగ్గా పడిందో లేదో తడిమి చూసుకున్నాడు.

"ఏం కావాల?"

"నీతో మాట్లాడాల. తలుపు తియ్యి."

"ఆడినుంచే చెప్పు."

మిట్టమధ్యాహ్నం. గుట్ట సెగలు కక్కుతోంది. డెబ్బై ఎనిమిదిలో, ఆదోనిలో డ్రిల్లు మాస్టరుగా రిటైరైన మరుసటి నెలే, భీమరావు ఈ ఆరెకరాలు కొన్నాడు, గుట్టతో సహా. చిప్పగిరి దారి వదిలి రెండు మైళ్లు లోపలికి. రెండు గదుల రాతి ఇల్లు, చుట్టూ ముళ్లకంచె. 'అరిచినా పలికేవాడుండడు నా చోట' అని తెలిసినవాళ్లతో గొప్పగా చెప్పుకునేవాడు. ఇప్పుడు ఆ మాటే తనకు ఎదురు తిరిగింది.

సారమ్మ మొగుడు అబ్రహాం ఆ గుట్ట కొమ్ము మీద నుంచే పడి చచ్చిపోయాడు. తేనెపట్టు కోసం పైన చెట్టుకు మోకు కట్టుకుని బండ అంచు దిగాడు. పాత మోకు, రాతికి ఒరుసుకుని తెగిందన్నారు ఊళ్లో. పోలీసులూ అదే రాసుకుపోయారు.

"ఇది నీదే గదా?" సారమ్మ కత్తి పైకెత్తింది.

భీమరావు కిటికీ దగ్గరి నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. "యాడ దొరికింది?"

"బండ కింద రేగుకంపలో. పుల్లలకు పోయినా. మా ఆయన పడిన చోటికి ఇరవై అడుగులు గూడ లేదు."

"ఎవరికైనా చూపించినావా?"

"ఎవరికి సూపేది? నీదని తెలుసు గదా, నేరుగా నీకాడికే వచ్చినా."

"నీతో ఎవరొచ్చినారు?"

"నాకెవరుండారు సారూ? ఉండేటోడు ఒగడే. పాయ." ఆమె అరచేత్తో తలుపు తట్టింది. "తియ్యి సారూ. ఎండలో ఎంతసేపు నిలబెడ్తావు?"

భీమరావు లోపలికి తిరిగాడు. గోడమీద మరో మూడు కత్తులు వరసగా వేలాడుతున్నాయి. అన్నింట్లోకి పొడుగుది, కంపలు నరికేది తీసి పట్టుకున్నాడు. ఈమె ఇటు రావడం ఎవరూ చూడలేదు. గుట్ట వెనక సగం పూడిన బావి ఉంది. తలుపు తీస్తే ఒక్క క్షణం పని.

గొళ్లెం మీద చెయ్యి వేశాడు. ఎంతసేపు పట్టుకున్నా ఆ చెయ్యి కదల్లేదు. పది రోజులుగా కన్ను మూసినప్పుడల్లా కింద నుంచి వినబడే కేక, ఇప్పుడు మెలకువలోనే వినబడింది. కత్తి జారి నాపరాళ్ల మీద ఖంగుమంది.

"ఏంది సారూ ఆ సప్పుడు?"

"సారమ్మా, నన్ను చంపొద్దు." భీమరావు తలుపుకు వీపు ఆనించి కూలబడ్డాడు. "నేను వాణ్ని చంపాలని కోయలేదు. దేవుడి మీద ఆన."

తల వెనక్కి తలుపుకు ఆనించి చెప్పుకుపోయాడు.

"నా గుట్ట ఎక్కొద్దని మూడుసార్లు చెప్పినా. ఆ పొద్దు మళ్లీ వచ్చినాడు. పైకి రారా అని అరిస్తే, 'గుట్ట నీదైతే ఈగలు గూడ నీవేనా సారూ' అని కింద వేలాడతా నవ్వినాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మోకుకు మూడు పురులుండాయి. ఒక్క పురి తెంపితే భయపడి పైకొస్తాడనుకున్నా. ఒక్కటే కోసినా, సారమ్మా. కడమ రెండూ వాటంతటవే..."

అరచేతుల్తో ముఖం తుడుచుకున్నాడు. మళ్లీ చెప్పాడు.

"ఆ కత్తి చూస్తేనే భయమైంది, విసిరేసినా. చెట్టుకు మిగిలిన కొసను రాతికేసి రుద్దినా, గాటు కనబడకుండా. తప్పే. నీ కాళ్లు పట్టుకుంటా. పోలీసుల కాడికి పదమంటే వస్తా. కత్తి మాత్రం ఎత్తొద్దు."

వెళ్లిపోయిందేమో అనుకున్నాడు. మోకాళ్లు పట్టుకుని లేచి కిటికీలోంచి చూశాడు.

సారమ్మ గడప ముందు మట్టిలో కూచుని ఉంది. కత్తిని రెండు చేతుల్లో పెట్టుకుని, అదేమిటో ఇప్పుడే చూస్తున్నట్టు అలుగు మీద వేలితో రాస్తోంది. ఏడుపు లేదు. తల ఎత్తకుండానే మాట్లాడింది.

"ఆ మోకు నేను పేనింది సారూ. గోగునార సాలక రెండో పురి పల్చగా ఏసినా. నా సేతి మోకు తెగి సచ్చినాడని, నేనే సంపుకున్యానని, పది దినాలుగా ముద్ద ముట్టలేదు."

ఆమె లేచి, కత్తిని కొంగులో చుట్టి బొడ్డున దోపుకుంది.

"ఎట్ల పారేసుకున్యాడో పాపం సారు, ఇచ్చిపోదామని వచ్చినా. ఇంగ ఇయ్యను."