గురుగ్రహం ఎందుకు వెలగదు?

అరవై తొమ్మిదిలో చేవెళ్ల బడి గోడల మీద పాఠాల కంటే 'జై తెలంగాణ'లు, ఆంధ్రావాళ్లు పోవాలనే 'నాన్ ముల్కీ గో బ్యాక్'లే ఎక్కువ. పిల్లలు ఎప్పుడొస్తారో, ఎప్పుడు ఊరేగింపుకు లేచిపోతారో దేవుడికే తెలియాలి. సైన్సు చెప్పే సాముయేలు సారు మాత్రం వేళకు వచ్చేవాడు. పాఠం తప్ప మరో ముక్క మాట్లాడేవాడు కాదు. కిరాయి గదిలో ఆయన పెట్టె ఎప్పుడూ సర్దే ఉండేది.

ఆ రోజు నక్షత్రాల పాఠం. బడిలో ఏం ఉడుకుతోందో కనిపెట్టడానికి ఎస్సై ఈశ్వరయ్య కిటికీ పక్కన నిలబడ్డాడు.

"గురుగ్రహం అంత పెద్దదైనా వెలగదు. బరువు చాలదు," అన్నాడు సారు. "అలాంటివి ఎనభై దాకా ఒక్క ముద్దయితేనే లోపల నిప్పు రాజుకుని నక్షత్రమవుతుంది. అంతకు తగ్గితే చల్లారిపోవడమే."

విద్యార్థి నాయకుడు రాజమౌళి ఎగిరి లేచాడు. "సమజైంది సార్! మనమందరం ఒక్కటైతెనే అంటుకుంటదంటున్నరు!"

సారు ముఖం పాలిపోయింది. "నేను గ్రహాల గురించే..." చప్పట్లలో ఆ మాట ఎవరికీ వినబడలేదు.

ఈశ్వరయ్యకు ఖగోళం తెలియదు గానీ కుట్ర వాసన బాగా తెలుసు. లోపలికొచ్చి సారు రెక్క పట్టుకున్నాడు. "ఎవడా గురుడు? ఆ ఎనభై మంది యాడున్నరు?"

"గ్రహమండీ..."

"గ్రహమో ఆగ్రహమో ఠాణాల తేలుస్త నడువ్!"

ఠాణాలో సారు సూర్యుడి దగ్గర మొదలుపెట్టి అంతా విడమరిచి చెప్పాడు. చెప్పినకొద్దీ కేసు బరువెక్కింది.

బయట ఇంకా బరువెక్కింది. సారును విడవాలని మొయినాబాద్ బజారు మూతపడింది. షాబాద్ నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. చివరికి పైనుంచి హుకుం వచ్చి, ఈశ్వరయ్య తలుపు తీశాడు.

వాకిట్లో జనాన్ని చూసి సారు వెనక్కి తగ్గాడు. "నన్ను లోపలే ఉంచండి."

"నీ జనమేనయ్యా!" అని ఈశ్వరయ్య బయటికి నెట్టాడు.

రాజమౌళి దండ వేసి భుజాలకెత్తుకున్నాడు. "మాట్లాడుండ్రి సార్!"

సారు నోరు తెరవబోయి, దండలో ముఖం దాచుకున్నాడు.

"సారుకు దుఃఖమొస్తున్నది!" అని రాజమౌళి ప్రకటించాడు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

ఊరేగింపు మొయినాబాద్ దారి పట్టింది. "నాన్ ముల్కీ గో బ్యాక్!" అని జనం హోరెత్తుతుంటే, వాళ్ల భుజాల మీద పిడికిలెత్తి అందరికంటే గట్టిగా అరిచాడు, నిరుడే తెనాలి నుంచి బదిలీ మీద వచ్చిన సాముయేలు సారు.