చలువ రంగు

“మీ డాబా వేడెక్కట్లేదండీ. గవర్నమెంటు ఉచితంగా వేసే చలువ రంగు వేడి డాబాలకేనండీ,” అన్నాడు ఇంజనీరు శివప్రసాద్.

మా ఆయన గొడ్డలి తీశారు. “నీడంతా ఈ కొబ్బరిచెట్లదే కదండీ! కొట్టేస్తే వేడెక్కుద్ది. అప్పుడు వేస్తారుగా?”

“ఆయ్, వేస్తామండీ. ఇల్లు చల్లబడిపోద్దండీ.”

నేను ముందున్న చెట్టును వాటేసుకున్నాను. “ఇప్పుడూ చల్లగానే ఉంది కదండీ! కూతురైతే అత్తారింటినించి మళ్లీ వస్తుంది. ఇది తిరిగొస్తుందా?”

“ఉచితంగా వచ్చేదాన్ని వదులుకుంటామేంటే? తప్పుకో!”

“ఆగండాగండి!” ఇంజనీరు చెట్టు కిందున్న తన బండిని ఎండలోకి తోశాడు. అటూ ఇటూ చూసి మళ్లీ చెట్టు కిందికే తెచ్చాడు. “సీటు కాలిపోద్దండీ. నేనెళ్లాక కొట్టుకోండి.”

మా ఆయన ఆ బండిని చాలాసేపు చూశారు. గొడ్డలి గోడకానించి, కత్తి అందుకున్నారు.

“బొండాం తాగి వెళ్దురుగానండీ.”