గడియ లేని తలుపు

"గడియ ఏమైందండీ?"

చిట్టి తన అద్దెగది తలుపు ముందే నిలబడిపోయింది. పొద్దున పనికి వెళ్ళేటప్పుడు ఉన్న గడియ ఇప్పుడు లేదు. మరలు ఊడదీసిన చోట చిల్లులు మిగిలాయి.

"తీయించేశాను," వంటగదిలోంచి ఇంటావిడ అంది.

"మరి నేను లోపల ఉన్నప్పుడు..."

"గడియ పెట్టుకుని మరీ చేసే పనేముందమ్మాయ్ నీకు?"

అలాంటి పని చిట్టికి రోజూ ఉంది. తెల్లవారకముందే లేచి గడ్డం గీసుకోవాలి, ఆపైన మాత్ర వేసుకోవాలి.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు. చిట్టికి పుట్టుకతో వచ్చింది జబ్బు. ఒంట్లో ఏదో గ్రంథి కావలసిన రసాన్ని తయారుచేయదు, అక్కర్లేనిదాన్ని మాత్రం ధారాళంగా ఇస్తుంది. అందుకే ఆ పొట్టి ఆకారం, బొంగురు గొంతు, నల్లబడ్డ కణుపులు, గడ్డం మీద వెంట్రుకలు. పుట్టినప్పుడు ఆడపిల్లో మగపిల్లాడో చెప్పడానికి నర్సు కూడా తడబడిందట. మాత్ర పడితే అందరిలాంటి మనిషే. పడకపోతే ఒంట్లో ఉప్పు నిలవదు, నిలుచున్న చోటే కూలిపోతుంది. "జ్వరమొస్తే రెట్టింపు వేసుకో. ఎవరికీ చెప్పకు," అని అమ్మ ఊహ తెలిసినప్పటినుంచీ నూరిపోసింది.

చెప్పకపోయినా కిందటి ఇంట్లో బయటపడనే పడింది. స్నానాల గదిలో రేజరు చూసి, "ఇంతకీ నువ్వు ఆడా, మగా?" అని ఇంటివాళ్ళు పిల్లలందరి ముందూ అడిగారు. మర్నాటికి సామాను వీధిలో ఉంది. ఆ మాట చిట్టికి ఇంకా చెవుల్లోనే ఉంది. కళ్ళద్దాల కొట్టులో పనిచేస్తూ కూడా ముందు బల్ల దగ్గరికి రాదు, అక్కడ ఎటు తిరిగినా అద్దాలే. వెనకగదిలో కూర్చుని కళ్ళద్దాలు అరగదీసుకుంటూ ఉంటుంది. ఊరందరి చూపూ సరిచేస్తుంది, తనను మాత్రం ఎవరూ చూడకూడదు.

ఇప్పుడీ ఇంటావిడ చూపు పడింది.

రాత్రి భోజనాల దగ్గర ఆవిడ కళ్ళు చిట్టి చేతుల మీదే ఉన్నాయి.

"వేళ్ళ కణుపులు అంత నల్లగా ఉన్నాయేం?"

"అద్దాల పొడి అండీ."

"పొడైతే కడిగితే పోవాలిగా." ఆవిడ ఉప్పు గిన్నె ముందుకు జరిపింది. "వేసుకో."

"చాలండీ."

"చాలదు."

నవ్వులేదు, కసురూ లేదు. తిట్టేవాళ్ళతో ఎలాగో వేగవచ్చు, ఇలా చూస్తూ కూర్చునేవాళ్ళతోనే కష్టం. చిట్టి ముద్ద వదిలేసి లేచిపోయింది.

రెండు రోజులు పోయాక తన గదిలో దాచుకున్న పాత బ్లేడు మాయమైంది. దాని చోట తళతళలాడే కొత్తది ఉంది. ఆ సాయంత్రం బట్టల అడుగున డబ్బా తీసి చూస్తే మాత్రల అట్ట ఒకటి తగ్గింది. గుర్తుకోసం ప్రతి అట్ట మూలా మడిచి పెట్టుకునే అలవాటు ఆమెది. ఇల్లంతా వెతికింది. సామాను గదిలో అట్ట కనబడలేదు గానీ, దుప్పటి కింద ఉయ్యాల ఒకటి కనబడింది. గదినిండా దుమ్మే, ఉయ్యాల మాత్రం నిన్ననే తుడిచినట్టుంది.

"ఆవిడకు పిల్లాపాపా లేరే!" అంది పక్కింటామె. "మనుషులంటేనే గిట్టదు. అద్దెకొచ్చినవాళ్ళెవరూ నిలవరు. నువ్వూ జాగ్రత్త."

చిట్టి అమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, ఆవిడకు తెలిసిపోయింది. మాత్రలు తీస్తోంది."

"ఉన్నపళంగా వచ్చేయవే తల్లీ!"

"రేపు పొద్దున్నే బయల్దేరతాను."

తానొకటి తలిస్తే ఒళ్ళొకటి తలిచింది. తెల్లారేసరికి చిట్టికి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. రెట్టింపు మాత్రలు వేసుకుంటే వాంతిలో వెళ్ళిపోయాయి. మళ్ళీ వేసుకుందామని డబ్బా కోసం చెయ్యి చాపింది. కాళ్ళు తేలిపోయి, గది గిర్రున తిరిగి, సర్దుకున్న పెట్టె పక్కనే నేలమీద పడింది.

తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. గడియ ఉంటే కదా అడ్డం పడడానికి!

ఇంటావిడ గుమ్మంలోనే ఆగి, ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"అవును, పడిపోయింది. లేవలేదు. త్వరగా రండి, వీధి తలుపు తీసే ఉంచాను."

ఎవరిని పిలుస్తోంది? మళ్ళీ ఆ ప్రశ్న అడగడానికి ఎంతమందిని పోగేస్తోంది? చిట్టి పాక్కుంటూ మంచం కిందికి పోబోయింది. ఇంటావిడ వచ్చి పక్కన చతికిలబడి, భుజం పట్టి వెనక్కి లాగింది. ఆవిడ రెండో చేతిలో మూల మడిచిన అట్ట ఉంది.

"వదిలేయండి... ఇల్లు ఖాళీ చేస్తాను."

"నోరు తెరువు."

"ఎవరికీ కనబడకుండా పోతాను, మీకు దణ్ణం పెడతాను..."

"తెరువంటున్నానా!"

ఆవిడ వేళ్ళు దవడ నొక్కాయి. చేదుగా, తెల్లగా, నూరిన ముద్దేదో నాలుక మీద పడింది. వెంటనే గ్లాసు పెదాలకు తగిలింది. ఆ నీళ్ళు సముద్రంలా ఉన్నాయి.

"ఏం... కలిపారు?"

"ఉప్పు."

"నేను మీకేం అన్యాయం చేశానండీ?" చిట్టి ఏడ్చేసింది.

వీధిలో అంబులెన్సు కూత వినబడింది. అప్పుడు చూసింది చిట్టి, ఆవిడ కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"నా ఉయ్యాల్లో పిల్లకి ఈ మాత్ర అందలేదు తల్లీ."